బానెట్‌కు అవతలి పక్క

పలకముక్కయితే నలగదు, అట్టముక్క నాలుగుసార్లు పెట్టి తీసేసరికి మెత్తబడిపోతుంది, అందుకే జులేఖా కొంగులో మూటగట్టి తెచ్చిన పలకముక్కల్ని ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమి, ఒకే మందం ఉన్నవి ఏరి, చుట్టూ సందు సమంగా ఉందో లేదో చూడ్డానికి కారు బానెట్ అంచు కింద దూరుస్తోంది, పెళ్లికాకముందు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఏడేళ్లు పనిచేసిన వేలు, అది ఇంకా ఏదీ మరచిపోలేదు, అవతలి పక్క నుంచి ఆమె మొగుడు సుభాని వంగి సందులోకి చూసి ఇంకొకటి పెట్టు అన్నాడు, పెట్టింది, చాలు అన్నాడు, పొద్దున్నుంచి ఈ ఇంట్లో మాటలంటే ఇవే, పట్టుకో, ఎత్తు, దించు, చాలు, ఇంట్లోనే బిగించుకుందామని తెప్పించిన కారు బాడీ పూణె నుంచి పెట్టెల్లో వచ్చినప్పుడు అద్దాలొచ్చినాయి, సీట్లొచ్చినాయి, బానెట్‌కు మడతబందులు మాత్రం రాలేదు, రాకపోతే ఏంది, ముప్పయ్యేళ్లు ఊళ్లో వాళ్ల గేట్లకు బందులు చేసినోణ్ణి నా కారుకు చేసుకోలేనా అన్నాడు, ఇనప పట్టీ కోసి, వంచి, గొట్టం ముక్క వెల్డింగ్ పెట్టి, అందులో సీల దూర్చి, రెండు బందులు ముద్దొచ్చేట్టు చేశాడు, తీరా బిగిస్తే కుడిమూల చిటికెనవేలంత పైకి లేస్తోంది, మూడు రోజులుగా ఎత్తడం, కాస్త అరగదీయడం, దించి చూడడం.

ముప్పయ్యేళ్ల సుత్తిదెబ్బల చప్పుడు ఆయన చెవుల్ని తినేసిందనీ, గట్టిగా అరిస్తే తప్ప వినపడదనీ రెండేళ్ల కిందట డాక్టరు చెప్పాడు, అప్పటినుంచి ఆమె అరవడం నేర్చుకుంది, కూరేం చేసేది అని అరిస్తే ఆయన పలకడు, పక్కింటి శ్యామలమ్మ మాత్రం వంకాయ చెయ్యవే, మాకూ ఇంత పంపియ్యి అంటుంది, సిగ్గేసి అరవడం తగ్గించేసింది, ఇప్పుడు మామూలు గొంతుతోనే అన్నీ ఆయనకు చెబుతుంది, కందిపప్పు అయిపోయిందని, మోకాలు నొస్తోందని, నీతో మాట్లాడి ఎన్నాళ్లయిందయ్యా అని, వినపడదు కదా అన్న ధైర్యంతో ఒకసారి నీకంటే ఆ ఇంజనే నయం, దగ్గనన్నా దగ్గుతాది అని కూడా అంది, ఇందాక ఆటో నడిపే కోటి గోడ మీంచి తల పెట్టి, భాయ్, ఇది రోడ్డెక్కేది ఎప్పుడు, మా మనవడి పెళ్లికా, వానికి ఇంకా పళ్లు రాలేదులే, అని మూడుసార్లు అరిచాడు, ఆఁ, ఏంది, అన్నాడు సుభాని, కోటి నవ్వుకుంటూ పోయాడు, నవ్వులాటయితే మళ్లీ చెప్పుకోవచ్చు, చెల్లెలు మెహతాబ్ అడిగింది నవ్వులాట కాదు, గిద్దలూరులో కుట్టుమిషన్ల దుకాణం పెట్టినా, ఒక్కదాన్నే చెయ్యలేకపోతన్నా, వచ్చి నా దగ్గరే ఉండు ఆపా, రేపు పొద్దుగూకేలోపు చెప్పు, లేకుంటే ఇంకొకరిని పెట్టుకుంటా, అంది నిన్న పొద్దున ఫోనులో, ఆ రోజే రెండుసార్లు ఆయన ఎదురుగా నిలబడి గొంతు చించుకుంది, గిద్దలూరు పోయేదా వద్దా అని, ఒకసారి పదమూడో నంబరు స్పానరియ్యి అన్నాడు, ఇంకోసారి మంచినీళ్లు తే అన్నాడు, వద్దంటే ఆగిపోతుంది, పో అన్నా సరే, అదీ ఒక మాటే కదా.

ఎత్తు, అన్నాడు, రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది, బానెట్ నిలువుగా లేచి ఇద్దరి మధ్యా గోడలా నిలబడింది, ఆయన మొహం కనబడదు, కింది సందులోంచి ఆయన పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, బందు మీద ఆకురాయి గీరుతున్న చప్పుడు, గీరి ఆగడం, గీరి ఆగడం, ఆ ఆగే సందులో, ఎందుకో, చాలా మెల్లగా, తన మాట తనకే సరిగా వినపడనంత మెల్లగా, నేను పోతన్నానయ్యా, రేపు పొద్దున రైలుకే, ఇంక రాను, అనేసింది, ఇంక రాను అనాలని అనుకోనేలేదు, నోట్లోంచి వచ్చేసింది, తర్వాత రావాల్సిన గీరుడు రాలేదు.

చెమట తుడుచుకుంటున్నాడేమో అనుకుంది, చేతులు లాగుతున్నాయి, ఇంకా రాలేదు, కిందికి చూసింది, ఆయన కాలివేళ్లు మట్టిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, కదలడం లేదు, ఇంకా మెల్లగా, పెదాలు మాత్రమే ఆడించినట్టుగా, వింటన్నావా అంది, వేళ్లు ఇంకాస్త ముడుచుకున్నాయి, అల్లా, వింటున్నాడు, ఆకురాయి మళ్లీ మొదలైంది, మునుపటికంటే నిదానంగా, జాగ్రత్తగా, కాసేపటికి దించు అన్నాడు, దించింది, కుడిమూల చక్కగా కూర్చుంది, చుట్టూ ఒకే సందు, ఆయన తల ఎత్తకుండా గుడ్డతో అంచు తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు, డాక్టరు అబద్ధం చెప్పి ఉండడు, ఊరందరికీ చెవిటివాడే అయి ఉంటాడు, కానీ ఇరవయ్యారేళ్లుగా పక్కనున్న గొంతు ఎంత సన్నదైనా ఆయన చెవికి అందుతుంది, మోకాలి మాటా అందింది, ఇంజను మాటా అందింది, చీకట్లో ఆయన వీపుకు చెప్పుకున్నవన్నీ అందాయి, జవాబు రావడం లేదనుకుంది ఇన్నాళ్లూ, వస్తూనే ఉంది, రోజూ, మాటల్లో కాదు, ఇట్లనే.