ఎర్ర సిరా తారీఖు

పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఆవిడ పదకొండేళ్లుగా ఎడిటర్‌కి రోజూ నమస్కారం పెడుతూనే ఉంది. పెట్టిన ప్రతిసారీ లోలోపల తిట్టుకునేది.

ఆ పనిలో చేరడానికి ముందు ఏడాది ఆవిడ వాళ్లమ్మ మీద ఒక కథ రాసింది. చూపు మందగించినా వేళ్లతో తడుముకుంటూ బట్టలు కుట్టిన మనిషి కథ. ఎడిటర్ తిప్పి పంపాడు. మొదటి పేజీ నెత్తిన ఎర్ర సిరాతో ‘ప్రచురణకు పనికిరాదు. సాధన చేయండి’ అని రాసి, సంతకం చేసి, తారీఖు వేశాడు. అదాయన దర్జా. ఆ చుట్టుపక్కల ఆ ఎర్ర సంతకం తినని రచయిత లేడు.

అయిదు నెలలకు అదే కథ ఆయన పేరుతో అచ్చయింది. మహానుభావుడు చేసిన కష్టమల్లా శీర్షిక మార్చి, ముగింపు చెడగొట్టడం. పక్కింటివాళ్లు చదివి వినిపిస్తే అమ్మ ముఖం వెలిగిపోయింది.

“ఇది నా కథే కదే! మరి నీ పేరేదీ?” అంది.

ఆ ఏడే అమ్మ పోయింది. ఎవరితో మొరపెట్టుకోవాలి? అందరూ వచ్చే సంచికలో చోటు కోసం ఎడిటర్ చుట్టూ తిరిగేవాళ్లే. కూతురు ఆ ఎర్ర సంతకం కాగితాన్ని అమ్మ కుట్టుమిషను సొరుగులో దాచి, అదే పత్రికలో ప్రూఫుల పనికి కుదిరింది.

పత్రికకు పాతికేళ్లు నిండి, ప్రత్యేక సంచిక పని మొదలైంది. మంచి కథల పక్కన రచయిత చేతిరాత మొదటి పేజీని ఫొటో తీసి వేయడం ఆ పత్రిక ఆనవాయితీ. ఎడిటర్ తన పేరుతో వచ్చిన ఆ కథనే ముందు పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని మొదటి పేజీ కొత్తగా రాసిచ్చాడు. ఆవిడ దాన్ని పక్కనపెట్టి సొరుగులోది ప్రెస్సుకు పంపింది.

ఆవిడ ఆఖరి ప్రూఫు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది.

“మీ కథ పేజీ ఒక్కసారి చూడండి సార్.”

“నువ్వు చూశాక నేను చూసేదేముందమ్మా!” అంటూ సంతకం గీకేశాడు.

ఆవిష్కరణ రోజు హాల్లో అందరూ ముందు ఎవరి పేజీ వాళ్లు వెతుక్కున్నారు. తమ పేరు కనబడేదాకా రచయితలకు లోకం కనబడదు. ఆవిడ గోడకానుకుని ఓపిగ్గా నిలబడింది. చివరికి, తొమ్మిదిసార్లు తన కథ తిరుగుటపాలో వెనక్కి అందుకున్న పశువుల డాక్టరు తలెత్తాడు.

“ఇది మీ ఎర్ర సంతకమే కదండీ? మీ కథను మీరే పనికిరాదన్నారా? అదీ కథ కింద వేసిన అచ్చు తారీఖుకు అయిదు నెలల ముందు?”

పేజీలన్నీ గబగబా వెనక్కి తిరిగాయి. ఆ సంతకాన్ని గుర్తుపట్టడానికి అక్కడ ఎవరికీ సాక్ష్యం అక్కర్లేదు.

“అది మా అమ్మ కథ సార్, నా చేతిరాత,” అంది ఆవిడ. ఎడిటర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడకు జాలి కలగలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

పత్రిక నడిపే సంఘం సభ్యులు ఆయన్ని దింపేసి, పత్రికను ఆవిడ చేతిలో పెట్టారు. వారం తిరక్కుండానే ఆయన ఒక కాగితంతో వచ్చి, ఒకప్పుడు తను కూర్చున్న బల్లకు ఇవతలివైపు నిలబడ్డాడు.

“నా సంజాయిషీ అమ్మా. ఈ ఒక్కటీ వేయండి, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను.”

ఆవిడ చివరిదాకా చదివింది. ఎర్ర పెన్ను తీసి, నెత్తిన ‘ప్రచురణకు పనికిరాదు. సాధన చేయండి’ అని రాసి, సంతకం చేసి, తారీఖు వేసింది.

“భద్రంగా దాచుకోండి సార్,” అంది కాగితం అందిస్తూ. “నేను దాచుకున్నాను.”