నాలుగింతల చూపు

నేను ఒక డ్రోన్‌ని. నాలుగు రెక్కలు, పొట్ట కింద ఒక కన్ను, బరువు చూస్తే ఒక కొబ్బరిచిప్పంత. పెళ్ళిపందిళ్ళ మీద జోరీగల్లా మోత చేస్తూ తిరుగుతాయే, ఆ పెద్దజాతి దాన్ని కాను. ఆదివారాలు సరదాకి ఎగరేసుకునేవాళ్ళ కోసం పుట్టినదాన్ని. ఇప్పుడు ఒక రెక్క విరిగి, బ్యాటరీ ఉబ్బి, గోదావరి పాయ మధ్య పెసలలంక అనే ఊళ్ళో ఒక ఇంటి గూట్లో పడి ఉన్నాను. పడి ఉన్నందుకు నాకు బాధ లేదు. కోపం ఉంది. ఏడాది నుంచీ ఉంది. అది ఎందుకో చెబుతాను.

నేను తయారైన ఫ్యాక్టరీలో నా కంటిని అమర్చింది ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి. గింజంత అద్దాన్ని పట్టకారుతో పట్టుకుని మూడుసార్లు తుడిచింది. దుమ్ము లేదని నమ్మకం కుదిరాకే బిగించింది. తర్వాత నా పెట్టె మీద 1080 అని అచ్చువేశారు. నేను తీసే బొమ్మలో పైనుంచి కిందికి వెయ్యిన్నీ ఎనభై వరసల చుక్కలుంటాయని దాని అర్థం. పక్క బల్ల మీద తయారైన వాటి పెట్టెల మీద ఫోర్‌కె అని వేశారు. వాటి బొమ్మలో నాకు నాలుగింతల చుక్కలు. అప్పుడు నాకేం అనిపించలేదు. మనుషుల సంగతి అప్పటికి నాకు తెలియదు మరి.

నన్ను కొన్నవాడు పితాని సోమసుందరం. అమలాపురంలో కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా ఎవరినో కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళకి ఒక అద్దం తీసి మరో అద్దం పెడుతూ, "ఇది బాగుందాండీ, ముందుది బాగుందాండీ?" అని అడగడమే ఆయన పని. మనిషి కన్ను ఎంత దూరంలో ఎంత సన్నని గీతని చూడగలదో ఆ ఊళ్ళో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి. నా కోపానికి మొదలు అక్కడే.

నన్ను కొనేముందు ఆయన వారం రోజులు ఆలోచించాడు. చూసేది ఎక్కడ? ఫోన్లో, లేకపోతే ఇంట్లో మంచం మీంచి టీవీలో. అంత దూరం నుంచి నాలుగింతల చుక్కలు పెట్టినా కన్ను పట్టుకోలేదు. "చూడలేని దానికి చూపెందుకు?" అని భార్యతో అన్నాడు. ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మొదటిరోజే నన్ను తీసుకెళ్ళి కొబ్బరిమట్టకి గుద్దినా ఆ గౌరవం తగ్గలేదు.

ఆయన అక్క రంగనాయకిది పెసలలంక. భర్త పోయిన దగ్గర్నుంచీ కొబ్బరితోటా, అరటిచేనూ ఆవిడే చూసుకుంటోంది. లంకని గోదావరి, ఆవిడ తోట ఉన్న ఎగువ వైపు పైమూల నుంచి కోసుకుపోతోంది. ఇవాళ జానెడు, రేపు బారెడు. ఎవరికి చెప్పినా, "నదన్నాక కొయ్యదాండీ?" అనేవారు.

ఒక ఆదివారం పడవ దాటి వచ్చిన తమ్ముడి చేతిలో నన్ను చూసి ఆవిడ అడిగింది. "ఒరేయ్ సుందరం, ఇది పైకెల్లి మన గట్టంతా చూపిస్తదా?"

"చూపిస్తదక్కా."

"అయితే నెలకోసారొచ్చి తియ్యరా. ఎంత పోతందో ఒక్కళ్ళూ నమ్మట్లేదు. కళ్ళారా చూస్తే నమ్ముతారు."

అలా నాకు ఒక పని దొరికింది. సరదాకి పుట్టిన నాకు అంత పెద్ద పని. నెలలో మొదటి ఆదివారం, రేవు మెట్ల మీంచి లేచి, అరవై మీటర్ల ఎత్తులో, గట్టు వెంబడి ఒకటే దారి. జూన్‌లో మొదలుపెట్టాం. దిగగానే రంగనాయకి తమ్ముడి ఫోను లాక్కుని చూసేది. ఆవిడకి ప్రతి చెట్టూ తెలుసు. "అదుగో, గంగాబొండం ఎల్లిపోయింది. మా ఆయన నాటేడు దాన్ని. జంటచెట్లలో ఒకటే ఉందేంటి?" ఆ ఏడు ఆగస్టు వరదకి పద్దెనిమిది చెట్లు ఒరిగిపోయాయి. ఆ నెల మొదటి ఆదివారం నేను తీసినదాంట్లో అవి నిలబడి ఉన్నాయి. సెప్టెంబరులో తీసినదాంట్లో అక్కడ నీళ్ళున్నాయి. మధ్యలో ఏం జరిగిందో చెప్పడానికి వేరే మాటలు అక్కర్లేదు. ఉగాదికి ఆవిడ కూడా ఒక ఫోను కొనుక్కుంది. అప్పట్నుంచి సుందరం ఆవిడకి వాట్సాప్‌లో పంపేవాడు. పన్నెండు నెలలూ ఒక్క నెల తప్పలేదు. నా జీవితంలో నేను గర్వపడేది ఆ పన్నెండు నెలలకే.

తర్వాత పాడుకాలం వచ్చింది. అమలాపురంలో డ్రోన్లు ఎగరేసే సరదారాయుళ్ళకి ఒక బృందం ఉంది. దానికి పెద్ద ఉదయభాస్కర్ అనే పళ్ళ డాక్టరు. ఒకరోజు ఆయన ఇంట్లో అందరూ చేరారు. గోడంత టీవీ. డాక్టరు తన ఫోర్‌కె డ్రోనుతో తీసిన సముద్రం వేశాడు. అబద్ధం చెప్పను, బాగుంది. అల మీది నురగ బుడగ బుడగా కనిపించింది. తర్వాత నేను తీసిన లంక వేశారు. అంత పెద్ద గోడ మీద, రెండడుగుల దూరం నుంచి చూస్తే నా ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నిజమే.

ఉదయభాస్కర్ నవ్వాడు. "సుందరంగారూ, ఊరందరికీ కళ్ళజోళ్ళు పెడతారు. మీ డ్రోనుకి కూడా ఓ జోడు పెట్టండి బాబూ!"

అందరూ పడీ పడీ నవ్వారు. పద్దెనిమిది చెట్లు పోయిన సంగతి ఒక్కడు అడగలేదు. ఆకులు మసగ్గా ఉన్నాయన్నదే వాళ్ళ బాధ. సుందరం కూడా నవ్వాడు. కానీ ఆయన చెవులు ఎర్రబడటం సంచిలోంచి నేను చూశాను.

తర్వాత ఆయన చేసిన పనే నాకు మరీ మంటెక్కించింది. డాక్టరు డ్రోను అడిగి తెచ్చి, దుకాణంలోని అక్షరాల అట్టని మేడమీద పరిచి, దాన్నీ నన్నూ ఒకే ఎత్తుకి లేపి తీశాడు. రెండూ ఫోన్లో పెట్టుకుని చూశాడు. తేడా కనిపెట్టలేకపోయాడు. ఇంట్లో టీవీలో మంచం మీంచి చూశాడు. కాస్త ఉందో లేదో అన్నట్టుంది. టీవీ దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి చూస్తే ఉంది. బొమ్మని కత్తిరించి ఒక మూలని పెద్దది చేసుకుంటే స్పష్టంగా ఉంది. ఇవన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. "నాకు అక్కర్లేదు" అని కింద గీత కూడా గీసుకున్నాడు. గీసుకుని, నాలుగో రోజున కొత్త ఫోర్‌కె డ్రోను కొన్నాడు! తెలియక తప్పు చేసినవాణ్ణి క్షమించొచ్చు. లెక్క కట్టి, జవాబు రాసి, దాని మీదే కూర్చున్నవాణ్ణి ఏం చెయ్యాలి?

నన్ను దుకాణంలో ఖాళీ ఫ్రేముల అర మీద పెట్టాడు. అక్కడినుంచి కంప్యూటరు బాగా కనిపిస్తుంది. కొత్తది తీసిన వీడియో ఆ పాత కంప్యూటర్లో నత్తలా నడిచేది. రెండడుగులు వేసి ఆగేది, మళ్ళీ రెండడుగులు. పది నిమిషాల ఎగురుడు నా ఆర్నెల్ల పనంత చోటు తినేది. మూడోసారి లంక నుంచి వచ్చాక, మధ్యాహ్నం పూట, చోటు లేదని తెర మీద పడింది. కుర్చీలో ఒక ముసలాయన చత్వారం అద్దాల కోసం కూర్చుని ఉన్నాడు. "ఒక్క నిమిషం బాబాయ్" అన్నాడు సుందరం. "లంక పాతవి" అనే ఫోల్డరు తెరిచాడు.

"ఇవన్నీ మసకేగా. కొత్తదాంతో మళ్ళీ తీద్దాం" అని తనలో తాను అనుకుని చెరిపేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

మళ్ళీ తీద్దామా? నదిలో కలిసిపోయిన గట్టుని మళ్ళీ ఎలా తీస్తావయ్యా? గంగాబొండం మళ్ళీ లేచి నిలబడి నీ కొత్త కెమేరాకి దణ్ణం పెడుతుందా? నాకు గొంతు లేదు. ఉంటే ఆ కుర్చీలో ముసలాయనకి చెవులు గింగుర్లెత్తేవి. "ఇది బాగుందాండీ, ముందుది బాగుందాండీ?" అంటూ సుందరం హాయిగా ఆయన దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో మళ్ళీ వరద. ఈసారి పైమూల విరిగి పడింది. నీళ్ళు తీశాక సర్వేయరు వచ్చాడు. గట్టుకి రాళ్ళు పేర్చే పని వస్తోందట. ఏ ముక్క ఎంత వేగంగా పోతోందో చూసి, దాన్నిబట్టి ముందూ వెనకా చేస్తారట. సుందరం సంచిలో కొత్తదాంతో పాటు నన్నూ తెచ్చాడు, కొత్తదానికి బ్యాటరీ అయిపోతే ఉంటానని.

"నెలనెలా తీసేడండి మా తమ్ముడు, ఆయ్. నిరుడు జూన్ కాణ్ణించీ" అంది రంగనాయకి, మొహం వెలిగిపోతుంటే. "చూపించరా."

సుందరం ముందు కొత్తవి మూడూ చూపించాడు. సర్వేయరు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "శానా బాగుందండి. నేల పగులు కూడా తెలుస్తంది. ఇక్కణ్ణుంచే రేపు విరుగుద్ది" అన్నాడు. ఆ పగులుని నేనైతే పట్టుకోలేను. ఒప్పుకుంటున్నాను. "మరి నిరుడుదండీ? వరదకి ముందుదీ తర్వాతదీ ఇవ్వండి. శాటిలైట్ మ్యాపుల్లో ఆ నెలలన్నీ మబ్బులే."

సుందరం నేల చూశాడు. "లేవండి. చోటు చాలక... తీసేశాను."

రంగనాయకికి మొదట అర్థం కాలేదు. "తీసేసేవంటే?"

"చెరిపేశానక్కా. మసగ్గా ఉన్నాయని."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, తన ఫోను తెరిచింది. ఉగాది నుంచి వచ్చినవి మూడున్నాయి. వాట్సాప్‌లో నలిగి నలిగి, నేను తీసినదాంట్లో సగం కూడా మిగల్లేదు. సర్వేయరు కళ్ళు చికిలించాడు.

"ఇవి మరీ మసగ్గా ఉన్నాయేమోనండి" అన్నాడు సుందరం.

"చెట్టు చెట్టులాగే ఉందిగదరా!" అని ఆవిడ ఒక్కసారిగా అరిచింది. "ఆకుల్లో ఈనెలు లెక్కెట్టమన్నానా నేను? ఉందో లేదో చూపించమన్నాను. అంతే గదా నేనడిగింది!"

సర్వేయరు ఆ మూడూ తీసుకున్నాడు. రేవు మెట్ల పొడవు తెలుసు కాబట్టి వాటితో గట్టుని కొలవొచ్చన్నాడు, కొలిచాడు కూడా. కానీ నిరుటి వరద లెక్కలోకి రాలేదు. కంప్యూటరు బాగుచేసేవాడు రెండు రోజులు వెతికి, చెరిపిన చోటంతా కొత్త వీడియోలు కూర్చున్నాయని చెప్పి చేతులెత్తేశాడు. ఒక్క వరద నష్టమే రుజువైంది గనక పైమూల రెండో విడతలోకి పోయింది. ఎండాకాలంలో కింది సగానికి రాళ్ళొచ్చాయి. రంగనాయకి తోట దగ్గరికొచ్చి ఆగిపోయాయి.

సర్వేయరు వచ్చిన రోజు సాయంత్రమే ఆవిడ నన్ను సంచిలోంచి తీసుకుంది. "దీన్ని నాకొదిలెయ్. ఎగరేయడం నేర్పు." యాభై నాలుగేళ్ళ మనిషి, మూడు ఆదివారాల్లో నేర్చుకుంది. ఏడు నెలలు ఆవిడ చేతిలో ఎగిరాను. మెల్లగా ఎగరేసేది, దారి మాత్రం తప్పేది కాదు. ఎనిమిదో నెల గాలికి అరటిచెట్ల మీద కూలాను. అంతే నా పని.

ఇప్పుడు సుందరం ప్రతి నెలా వస్తాడు. ఫోర్‌కె డ్రోనుని తెస్తాడు. దాని చూపుని తగ్గించి, 1080కి పెట్టి గట్టంతా తీస్తాడు. పగుళ్ళున్న చోట మాత్రం పూర్తి కన్ను తెరుస్తాడు. తీసినదాన్ని మూడుచోట్ల దాచి, ఒకటి అక్కకి ఇచ్చి వెళతాడు. ఈ తెలివి ఆయన పుస్తకంలో ముందే రాసి ఉంది. దాన్ని చదువుకోవడానికి లంకలో ఒక మూల నేల పోవలసి వచ్చింది.

పైమూలలో పన్నెండు చెట్లు మిగిలాయి. మొన్న ఆదివారానికి ఎనిమిది. జంటచెట్లలో మిగిలిన రెండోదీ ఒరిగిందని రంగనాయకి ఫోన్లో వేలు పెట్టి చూపించింది. తేదీ రాయమంది. సుందరం రాశాడు. వెళ్ళేటప్పుడు గూటి దగ్గర ఆగి, నా కంటి మీద దుమ్ముని తన కళ్ళజోడు తుడుచుకునే గుడ్డతో తుడిచాడు. ఏం చెయ్యమంటారు? నాకు జాలి వెయ్యలేదు.