మేకు దయ్యం సినిమా రెండో సగం

భూమేశ్ తన బతుకులో కొట్టిన మేకుల్లో తిరిగి పీకనిది ఒక్కటే. షట్టరింగ్ కార్పెంటర్ పనంటేనే అంత. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించాలి, అది గట్టిపడ్డాక మేకులన్నీ పీకాలి, వంకరపోయినవాటిని సుత్తెతో సాపు చేసి మళ్లీ ఇంకో చోట కొట్టాలి. ఆ పీకని మేకు ఏ సైట్‌లోనూ లేదు. గల్ఫ్‌లో, మబేలా అనే చోట అతనుండే కంపెనీ రూమ్ తలుపు చౌకట్టుకు, సరిగ్గా నడినెత్తిన ఉంది. కిందటేడు తన ఊరివాడే అయిన రఘుపతి శవం విమానమెక్కిన సాయంత్రం కొట్టాడు దాన్ని.

రఘుపతి ఆ రూమ్‌లోనే, తన మంచం మీదే, నిద్రలో పోయాడు. గుండె ఆగిందన్నారు. సెలవు ఇదిగో ఇస్తాం, అదిగో ఇస్తాం అని కంపెనీ తిప్పుతుంటే, పెట్టె సర్దుతూ విప్పుతూ మనిషి అరిగిపోయాడు. పోయిననాడు కూడా పెట్టె సర్దే ఉంది. శవాన్ని పంపించి వచ్చాక, ఖాళీ మంచం కిర్రుమన్నట్టు అందరికీ వినిపించింది. ఒకే గదిలో అంతమంది పడుకుంటే ఏదో ఒక మంచం కిర్రుమనక ఏంచేస్తుంది? కానీ భయానికి ఆ లెక్కలు పట్టవు. ఊళ్లో అతని పేర భార్య రాజేశ్వరి పిట్టకు పెడితే కాకి ముట్టలేదని ఫోన్ వచ్చేసరికి భయం ఇంకా ముదిరింది. అప్పటికే తలుపుకు మేకు కొట్టి ఉండటంతో, భూమేశ్ ముందుచూపును అందరూ మెచ్చుకున్నారు.

ఆ ముందుచూపు చదువు వల్ల వచ్చింది కాదు, మేకు దయ్యం సినిమా వల్ల వచ్చింది. అసలు పేరేమిటో ఊళ్లో ఎవరికీ పట్టలేదు. భూమేశ్ చిన్నప్పుడు ప్రతి గణపతి పండక్కీ మండపం ముందు వీడియో పెట్టి ఆ సినిమానే వేసేవారు. చచ్చిపోయిన ఇల్లాలు తెల్లచీరలో తిరుగుతుంది, మంత్రగాడొచ్చి గుమ్మానికి మేకు కొడతాడు, దయ్యం కెవ్వుమంటుంది. అక్కడి నుంచి టేపు నలిగిపోయి గీతలు తప్ప బొమ్మ వచ్చేది కాదు. వీడియో ఆయన ‘ఖతం’ అని మీట నొక్కేసేవాడు. మేకు కొట్టారు, పీడ విరగడైంది, కథ అయిపోయింది. ఊరు ఊరంతా అదే నమ్మింది, భూమేశ్ కూడా అదే నమ్మి పెద్దవాడయ్యాడు.

రఘుపతి పోయాక కంపెనీ పనులు కూడా ఆగిపోయాయి. పాస్‌పోర్టులు ఆఫీసులోనే ఉన్నాయి, లేబర్ కార్డుల గడువు తీరింది. బయట తిరిగితే పట్టుకుంటారని భయం, లోపలుంటే ఊపిరాడదు. ఎప్పుడన్నా తెలిసినవాళ్లు పిలిస్తే సందుల్లోంచి నడిచిపోయి చిల్లర పని చేసుకుని రావడమే. అలా ఒక శుక్రవారం మధ్యాహ్నం సీబ్‌లోని ఒక విల్లాకు వెళ్లాడు భూమేశ్. కాకినాడ వైపు వాళ్లు. హాలు తలుపు నేలకు రాసుకుంటోందట.

గుమ్మం దగ్గర కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయ కనబడితే, వీళ్లకెవరి దిష్టి తగిలిందో పాపం అనుకున్నాడు. లోపల పిల్లలు తెల్లబట్టలతో దయ్యాలు కట్టి ఫ్యానుకు వేలాడదీస్తున్నారు. హాలోవీన్ అని చెప్పింది ఇంటావిడ ఉదయశ్రీ. డబ్బిచ్చి కొనుక్కునే భయం ఎలా ఉంటుందో అతనికి అంతుబట్టలేదు. తలుపు ఊడదీసి, అడుగు అంచుకు చిత్రిక పట్టసాగాడు.

"మీ హాలోవీన్ దయ్యాలు ఏం దయ్యాలర్రా! నేను మీ అంతున్నప్పుడు ఈ సినిమా చూసి నెల్రోజులు మా అమ్మ కొంగు వదల్లేదు, తెలుసా?" అంటూ ఉదయశ్రీ టీవీ పెట్టింది.

ఆ సంగీతం వినగానే భూమేశ్ చేతిలో చిత్రిక ఆగిపోయింది. అదే ఇల్లు, అదే తెల్లచీర. పిల్లలేమో విరగబడి నవ్వుతున్నారు. మంత్రగాడు మేకు కొట్టాడు, దయ్యం కెవ్వుమంది. భూమేశ్ హమ్మయ్య అనుకుని మళ్లీ వంగాడు. సినిమా మాత్రం ఆగలేదు.

"మేడమ్, అయిపోయింది గదా ఇది?" అని అడిగాడు.

"అయ్యో, అసలు కథ ఇక్కడే కదండీ మొదలయ్యేది! మీరు చూళ్లేదా?"

తెరమీద ఆ ఇల్లాలు తలుపుకు లోపలి వైపునే ఉంది. గోళ్లతో చెక్కను గీరుతోంది. పోదామని గుమ్మం దాకా వస్తే ముఖాన మేకు కొట్టారని, తనకు ఆ ఇంట్లో పనేముందని ఏడుస్తోంది. చివరికి ఒక ముసలామె జాలిపడి మేకు పీకితే, ఎవరినీ ఏమీ అనకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. పిల్లలు ‘ఛ, ఇంతేనా’ అన్నారు. భూమేశ్ ఇన్నాళ్లూ దయ్యానికి భయపడ్డాడు, ఇప్పుడు తను చేసిన పనికి భయపడ్డాడు. రఘన్న లోపలే చచ్చిపోయాడు. లోపలున్నవాణ్ని లోపలే పెట్టి మేకు కొట్టాడు తను. మనిషి ఇక్కడుంటే అక్కడ కాకి ఎలా ముడుతుంది?

తలుపు బిగించి, ఉదయశ్రీ ఇచ్చిన టీ తాగకుండానే బయల్దేరాడు. తెల్లారితే రఘుపతి పోయి ఏడాది. రేపు మళ్లీ పిట్టకు పెడతారు, రేపు కూడా కాకి ముట్టకపోతే ఆ పాపం ఇక తనదే.

పొద్దుగూకే వేళకు రూమ్ చేరి స్టూలు లాగుతుంటే, మంచం మీదున్న దేవయ్య లేచి కూర్చున్నాడు. రూమ్‌లో అందరికంటే పెద్దవాడు, అందరికంటే ముందొచ్చినవాడు.

"ఏంజేస్తున్నవ్‌రా?"

"మేకు పీకుత కాకా. రఘన్న పోలే. మనమే పోనిస్తలేం." సినిమా సంగతంతా చెప్పాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? అది పీకితే మనల్ని పడ్తడు. ఇన్నొద్దులు నిమ్మళంగ ఉన్నం, గట్లనే ఉండనీ."

"నిమ్మళంగ ఉన్నమా కాకా? సెలవియ్యమని కంపెనీ ఆపె. సచ్చినంక గూడ నేను ఆపితి. ఇగ నాకూ కంపెనీకి ఫరకేంది?"

భూమేశ్ స్టూలెక్కి సుత్తె పంజాను మేకు తలకు తగిలించాడు. వేల మేకులు పీకిన చెయ్యే అయినా, తుప్పు పట్టిన మేకు మొదట కదల్లేదు. రెండు చేతులా బలమంతా పెట్టి లాగితే కీచుమంటూ వచ్చింది. తలుపు బార్లా తీసి, సందు వైపు చూస్తూ అన్నాడు.

"పో రఘన్నా. రాజేశ్వరక్క సూస్తంది. నీకు పాస్‌పోర్టుతోని పన్లేదు, కార్డుతోని పన్లేదు. తప్పయింది, పో."

గాలి కూడా రాలేదు. అలవాటు కొద్దీ మేకును సాపు చేయబోయి ఆగాడు. వీధిలోకి వెళ్లి చెత్తడబ్బాలో పడేసి వచ్చాడు.

పొద్దున్నే భార్య సుమలత నుంచి ఫోన్ వచ్చింది. "ఇగో, కాకి ముట్టింది! ఇస్తరాకు పెట్టి ఎనక్కి తిరుగలే, అచ్చి వాలింది. రాజేశ్వరక్క ఒక్కతీరుగ ఏడ్సింది. ఇన్నొద్దులకు మా ఆయన ఇల్లు చేరిండన్నది."

భూమేశ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమే, కాదనలేదు. కానీ ఆ సంతోషం అడుగున కుళ్లుమోతుతనం కూడా ఉంది. రఘన్నకు సెలవు దొరికింది.

"మరి నువ్వెప్పుడొస్తవ్?" అంది సుమలత.

"వచ్చే నెల," అన్నాడు, ప్రతి నెలా అన్నట్టే.

ఫోన్ పెట్టేసరికి దేవయ్య తనవైపే చూస్తున్నాడు. కాకి ముట్టిందని వినే ఉంటాడు.

"భూమేశూ," అన్నాడు నెమ్మదిగా, "నాకేమన్న అయితే తలుపు దగ్గరికెయ్యకుండ్రి బిడ్డా."

భూమేశ్ లేచి వెళ్లి తలుపు తీశాడు. ఏసీ చల్లదనమంతా పోతుందని పక్క మంచం నుంచి ఎవరో తిట్టారు. అయినా సరే, బయటినుంచి ఇటుక తెచ్చి తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టాడు.