అమావాస్య చుట్టం

ఆకాశంలో కనబడని రోజుల్లో చందమామ లెక్కలాయన ఇంట్లో, వెనక గదిలో ఉండేవాడు. లోకంలో పిల్లలందరికీ మామే కదా, అందుకని లెక్కలాయన భార్య ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది. ఆ వరసన లెక్కలాయనకి బావ. చందమామ గడపలో అడుగుపెడితే చాలు, బకెట్లలో నీళ్లు అంచు దాకా ఉబ్బేవి. "వదినా, మీ అన్నయ్య వచ్చినట్టున్నాడు, మా తొట్టి పొంగింది" అని పక్కింటావిడ గోడ మీంచి కేకేసేది. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

రేవుకి సముద్రపు పోటు ఏ వేళకి వస్తుందో ముందే గుణించి చెప్పడం లెక్కలాయన పని. అందుకోసం చందమామ నడకని పట్టుకుని జీవితమంతా వేలాడాడు. సూర్యుడు ఇటు లాగితే ఒక సవరణ, భూమి అటు లాగితే మరొకటి. జుట్టు నెరిసింది గానీ ఆ నడక పూర్తిగా లొంగలేదు. ఆయన అంకెలు పైకి చదివితే భార్య వంటింట్లోంచి నోటిలెక్కతో సరిచూసేది. ఆవిడ "ఊఁ" అంటేనే లెక్క రేవుకి వెళ్లేది.

ఈసారి చుట్టం వచ్చీ రాగానే లెక్కలాయన నోరు జారాడు.

"ఒక్కనాడైనా వేళకి కదిలావా బావా? నీ వంకర నడకతో నా బతుకు తెల్లారిపోయింది!"

చందమామ మొహం చిన్నబోయింది. భార్య మొగుడితో మాటలు మానేసింది. ఆయనా తక్కువ తినలేదు. తనే చదివి, తనే "ఊఁ" కొట్టి, లెక్క పంపేశాడు.

మర్నాడు పొద్దున టీ తాగుతుంటే తప్పు కనబడింది. తీసేయాల్సిన సవరణని కలిపేశాడు. ఆయన రాసిచ్చిన వేళకి నీళ్లు వెనక్కి పోతుంటాయి. ఆ వేళనే నమ్ముకుని ఓడల్ని రేవులోకి నడిపించే పైలెట్ అయిన కన్నకూతురు ధాన్యం ఓడని లోపలికి తెస్తోంది. నీళ్లు తగ్గితే ఓడ ఇసుకమేటలో దిగబడి విరిగిపోతుంది. వెంటనే రేవుకి ఫోన్ చేశాడు.

"ఓడ మేట మీదకి వచ్చేసిందండీ. ఇక వెనక్కి తిప్పలేం" అన్నారు.

వెనక గదిలో చందమామ దుప్పటి మడతపెట్టి చెప్పులు వేసుకుంటున్నాడు. తొట్టిలో నీళ్లు అప్పుడే దిగుతున్నాయి.

"బావా, ఇంకాసేపు ఉండవూ?"

"వేళకి కదలమన్నావుగా. కదులుతున్నా."

"బుద్ధి గడ్డి తిని అన్నాను. నీ మేనకోడలు మేట మీద ఉంది."

చందమామ చెప్పులు విప్పి కూర్చున్నాడు. భార్య పరుగున వచ్చి అన్నయ్య పక్కన చేరింది. నీళ్లు మళ్లీ అంచు అందుకున్నాయి. ముగ్గురూ తొట్టినే చూస్తూ కూర్చున్నారు.

చాలాసేపటికి రేవు వైపు నుంచి ఓడ కూత వినబడింది. మేట దాటగానే అమ్మాయి వేయించే కూత అది. లెక్కలాయన గోడకి జారబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ప్రాణం కుదుటపడింది.

"నీ లెక్కంటే లెక్కే నాన్నా! నువ్వు చెప్పిన వేళ దాటేదాకా నీళ్లు కదల్లేదు" అంది కూతురు ఇంటికొచ్చి.

"లెక్క తప్పే తల్లీ. నిలబెట్టింది మీ మామ."

మర్నాటి సాయంత్రం పడమట నెలవంక రావలసిన వేళ కన్నా కాస్త ఆలస్యంగా కనబడింది. లెక్కలాయన చూసి ఊరుకున్నాడు.

"దీనికి సవరణ రాయవా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఎందుకు? చుట్టాలన్నాక ఆమాత్రం ఆలస్యం ఉంటుంది."

"ఊఁ" అంది ఆవిడ.