నెస్పిహాతావాళ్ళు

తిమ్మయ్య భార్య పోలేరమ్మ చచ్చిపోయినప్పుడు అతని ఇంటిపేరువాళ్ళు పదకొండు దినాలు ఫోన్లు ఆపేసుకున్నారు. ఇందులో అనుమానానికి చోటు లేదు. సిగ్నల్ లేక కాదు, చార్జింగ్ లేక కాదు. పెద్దనాయన కొడుకు ఓబులేసు కూతురి పెళ్ళి పెట్టుకున్నారు. ఇంటిపేరు ఒకటైన మనిషి పోయిందని చెవిన పడితే అందరికీ మైల. మైలలో పెళ్ళి జరగదు. దినాలు దాటాక వింటే తలకు నీళ్ళు పోసుకుంటే సరిపోతుంది. అందుకని వినకుండా ఉన్నారు.

మొగుడూ పెళ్ళాలిద్దరూ కువైట్‌లోనే ఉండేవాళ్ళు. పోలేరమ్మ ఒక అరబ్బు ఇంట్లో పనిచేసేది. ఆ వంటగదిలోనే కూలబడి పోయింది. తిమ్మయ్య శవపెట్టెతో పాటు చెన్నైలో దిగి, అంబులెన్సులో ఊరికి పోయాడు. వీధిలో ఇంటిపేరువాళ్ళ తలుపులన్నిటికీ తాళాలు. అందరూ పెళ్ళికని తిరుపతి పోయారు. పాడె మోసింది తిమ్మయ్య, పోలేరమ్మ తమ్ముళ్ళిద్దరు, నాలుగో మనిషి అంబులెన్సు డ్రైవరు. ఆ డ్రైవరుది ఏ ఊరో తిమ్మయ్య అడగను కూడా లేదు.

మూడేళ్ళయింది. తిమ్మయ్య మళ్ళీ కువైట్‌లోని మహబూలా వచ్చి పడ్డాడు. ఒక బిల్డింగుకు హారిస్. కాపలా, నీళ్ళ మోటారు, చెత్త, తాళంచెవులు, అన్నీ హారిస్ పనే. ఊరితో మాటలు మానుకున్నాడు గాని, ఆ దినాల్లో ఫోనులో విన్న గొంతు మాత్రం అతణ్ణి వదల్లేదు. మీరు ఫోను చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు అని చెప్పే ఆడగొంతు. మిద్దె మీద ట్యాంకు నిండుతుంటే నీళ్ళ చప్పుడు వెనక వినిపించేది. లిఫ్టులో ఒక్కడే పోతుంటే చెవి పక్కనే వినిపించేది. కోపం లేదు, తొందర లేదు. ఒక్కోసారి అది పోలేరమ్మ గొంతులా ఉండేది. బతికుండగా ఆమె నోట అంత శుద్ధమైన తెలుగు ఎన్నడూ రాలేదు. అదే అతనికి భయం.

ఐదో అంతస్తులో హాన్నా అనే యుక్రెయిన్ దేశపు ముసలామె ఉండేది. ఫహాహీల్‌లో ఒక ప్రైవేటు క్లినిక్కులో నర్సు. మొగుడు లేడు, పిల్లలు లేరు. వచ్చీరాని అరబ్బీ, దానికి తోడు నాలుగు ఇంగ్లీషు ముక్కలు, ఇవే ఇద్దరికీ కలిసిన భాష. ఒకరోజు ఏసీ నీళ్ళు గోడ వెంట కారుతున్నాయంటే తిమ్మయ్య పైకి పోయాడు. ఆమె బల్ల మీద కంప్యూటరులో ప్రపంచ పటం. దాని మీద అక్కడక్కడా ఎర్ర చుక్కలు.

"ఏంది సిస్టర్, కరోనా మళ్ళా వచ్చిందా?"

"నోరు కడుక్కో. అవి నా ఇంటిపేరువాళ్ళు."

"ఈ కువైట్లో ఒగ చుక్కే ఉండాదే?"

"అది నేనే తిమ్మా."

ఆమె ఇంటిపేరు నెస్పిహాతా. నిద్రపోని ఇల్లు అని దానికి అర్థమట. వాళ్ళ దేశంలో కూడా అరుదైన పేరు. ఒక పెద్ద ఏటి ఒడ్డున ఒకే ఒక ఊళ్ళో పుట్టింది. గుర్రాల మీద దోపిడీమూకలు వచ్చే కాలంలో, రేవు పక్కన ఉన్న ఇంటివాళ్ళు వంతులేసుకుని మేలుకుని, దీపం ఆరకుండా చూసేవాళ్ళట. పేర్లు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా వాళ్ళను ఆ మాటతోనే రాసుకుని పోయాడట.

"ఇది మా నాయనమ్మ చెప్పేది. తాతనడిగితే వేరే చెప్పేవాడు. ఆ ఇంట్లో అందరూ తాగుబోతులు, తెల్లార్లూ కొట్టుకునేవాళ్ళు, ఊరికి నిద్రలేదు, అందుకే ఆ పేరు అనేవాడు."

"రొంట్లో ఏది నిజం?"

"ఎవరికీ గొప్ప కానిదే నిజమై ఉంటుంది."

తిమ్మయ్య నవ్వాడు. చాలా కాలానికి నవ్వాడు.

ఆ ఊరి నుంచి ఈ చుక్కలు ఎలా చెదిరాయో హాన్నా ఏసీ బాగయ్యేదాకా చెబుతూనే ఉంది. కరువులో సగం ఇళ్ళు పోయాయి. మిగిలినవాళ్ళలో కొందరిని రైలెక్కించి కజకస్తాన్‌లో పడేశారు. అంతకు ముందే ఒక కుటుంబం ఓడెక్కి అర్జెంటీనా, ఒక కుటుంబం కెనడా పోయాయి. తర్వాత ఏటికి ఆనకట్ట కట్టారు, ఊరు మునిగింది, ఇళ్ళు మిట్టకు మార్చుకున్నారు. ఇప్పుడు యుద్ధం. ఉన్న కాసిని ఇళ్ళూ పోలండు దారి పట్టాయి.

"మా పాతూరు గూడా సోమశిల నీళ్ళ కిందనే ఉండాది," అన్నాడు తిమ్మయ్య. "మీకు నష్టపరిహారం ఇచ్చినారా?"

ఆమె కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత చెప్పింది. ఈ యుద్ధంలోనే ఆనకట్ట తెగింది. నీళ్ళు దిగిపోతే మునిగిన ఊరి గడపలు బయటపడ్డాయి. ఆ పేరుతో ఇంకా అక్కడే మిగిలినవాడు ఒస్తాప్ అనే రైతు ఒక్కడే. అతను బురదలో నడుచుకుంటూ పోయి నాయనమ్మ ఇంటి పొయ్యి ఫోటో తీసి పంపాడు. ఆ పొయ్యి నిండా గవ్వలు పట్టి ఉన్నాయి. హాన్నాకు అతను ఎన్నడూ చూడని మనిషి. ఆ పటంలో చుక్క చూసి ఫోను చేస్తే దొరికాడు.

"అందర్నీ వెతికి పట్టుకున్నాను. ఒక శుక్రవారం అందరూ ఈ కంప్యూటరులోకి వస్తారు. అందరి ముఖాలూ ఒకచోట చూడాలి. వాళ్ళలో ఒక్కరు నన్ను అత్తా అని పిలిచినా చాలు. నాకిక వేరే కోరిక లేదు." తర్వాత అడిగింది, "నీ ఇంటిపేరు ఏమిటి తిమ్మా?"

"నాకు ల్యా."

"లేకపోవడమేమిటి? నీ ఇఖామా కార్డు మీద ఉంటుందిగా."

"ఇఖామా మీద ఉండాది. నాకు ల్యా."

ఆ శుక్రవారం రానే వచ్చింది. సాయంత్రం నమాజు అయ్యాక హాన్నా కిందికి దిగింది. జుట్టు దువ్వి పైకి కట్టింది. చేతుల మీద ఎర్రదారంతో కుట్టిన తెల్ల రవిక తొడిగింది. పెదాలకు రంగు వేసుకుంది. ఫహాహీల్ నుంచి తేనె కేకు వస్తుందనీ, తెచ్చేవాడు దారి తెలియక ఫోను చేస్తాడనీ, తను కంప్యూటరు ముందునుంచి లేవలేననీ చెప్పి, తన ఫోను తిమ్మయ్య చేతిలో పెట్టింది.

"ఏం సిస్టర్, పెండ్లికూతురు మాదిరుండావే!" అన్నాడు ఖాజావలి. అతనిది రాయచోటి. సబ్హాన్ ఫ్యాక్టరీలకు కూలీలను తిప్పే బస్సు డ్రైవరు. శుక్రవారం బస్సును గేటు పక్కన పెట్టి, తిమ్మయ్య కుర్చీలో కూర్చుని టీ తాగడం అతని అలవాటు. ఆమెకు తెలుగు రాకపోయినా అర్థమైంది. వేలు చూపించి బెదిరించి లిఫ్టెక్కింది.

కొంచెంసేపటికి ఫోను మోగింది. కేకువాడు కాదు. ఎవరో ఆడపిల్ల, ఇంగ్లీషులో ఒక్కో ముక్కా ఏరుకుని మాట్లాడింది. ఒస్తాప్ పక్కింటి పిల్లనని చెప్పింది. పొద్దున చేలో ఉండగా డ్రోను వచ్చి పడిందని, ఒస్తాప్ చచ్చిపోయాడని, హాన్నాకు చెప్పమని చెప్పింది. ఏడ్చింది. ఫోను పెట్టేసింది.

తిమ్మయ్య ఫోను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందినా, మొగం అట్లయింది?"

"పైనామె ఇంటిపేరోడు పోయినాడంట. దేశంలో. పొద్దున్నే."

"అల్లా!" ఖాజావలి గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఇప్పుడు చెప్పాకు. ఒగ గంట ఆగు. ఆ కూటమి అయిపోనీ. పోయినోడు యాడికి పోతాడు?"

"ఓబులేసు గూడా ఇట్నే అనుకోనుంటాడు."

"ఓబులేసు ఎవురు?"

"ఎవురైతే నీకేంటికి?"

"సరే, ఎవురో ఒగరు. ముసల్ది ఎన్నాళ్ళ నుంచి కాసుకోనుండాదినా ఈ పొద్దు కోసరం! నీకు మనసెట్ల వచ్చాది?"

"ఇన్న చెవి నాది. ఇని దాంచిపెట్టినోళ్ళను ఏమనాల్నో నాకు తెలుసు. ఆ మాట నేను పడను."

"ఏం రాతి గుండెనా నీది! ఎవురి మైలప్పా ఇది, నీదా?"

తిమ్మయ్య లిఫ్టెక్కాడు. ఆ రోజు లిఫ్టులో ఆ గొంతు వినిపించలేదు. తను చేయబోయేదానికి అది సమ్మతి అనుకున్నాడు.

తలుపు తీసే ఉంది. కంప్యూటరు నిండా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో దేశం. ఒకచోట ఉదయపు ఎండ, ఒకచోట దీపాల వెలుగు. ఒకడు గడ్డం గీసుకోకుండానే కూర్చున్నాడు. ఒక గడిలో తల్లీ పిల్లలూ కుక్కా కిక్కిరిసి ఉన్నారు. కజకస్తాన్ గడిలో రుమాలు కట్టిన ముసలామె ఫోనును మరీ దగ్గరగా పట్టుకుంటే, ఆమె నుదురు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఒక గడి నల్లగా ఉంది. హాన్నా తాగుబోతుల కథ చెబుతున్నట్టుంది, అందరూ నవ్వుతున్నారు. తిమ్మయ్యను చూసి చేయి పట్టి లాగి వాళ్ళకు చూపించింది. గళ్ళలోంచి చేతులు ఊపారు. అతను ఊపలేదు.

"సిస్టర్, ఒస్తాప్ మాత్. ఖలాస్."

చనిపోయాడనడానికి అరబ్బీలో అంతకంటే సూటి మాట అతనికి రాదు. హాన్నా ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. పోవడానికి దారి తెలియనట్టు అక్కడే ఉండిపోయింది.

అప్పుడే ఆ నల్ల గడి వెలిగింది.

ఒక కుర్చీ. కుర్చీ వీపున ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేలాడుతోంది. వెనక కిటికీ తెర గాలికి కదులుతోంది.

"చూడు!" అంది హాన్నా అతని చేయి గట్టిగా పట్టుకుని. "వచ్చాడు. నీకెవరో తప్పు చెప్పారు."

కంప్యూటరు వైపు తిరిగి ఒస్తాప్ అని పిలిచింది. కెనడావాడు పిలిచాడు. అర్జెంటీనా పిల్లలు తమ యాసలో పిలిచారు. కజకస్తాన్ ముసలామె సన్నగా, మనవణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచింది. ఎవరూ వచ్చి కూర్చోలేదు. వాళ్ళు మళ్ళీ పిలిచారు. ఆ కుర్చీలో మనిషి లేడని తిమ్మయ్యకు తెలుసు. అయినా అన్ని దేశాల నుంచి అంతమంది అంతసేపు పిలుస్తుంటే, ఎవరో కూర్చునే ఉన్నట్టు, కావాలని పలకనట్టు అనిపించింది.

చివరికి గడి అంచున ఒక ఆడపిల్ల చేయి కనిపించింది. తర్వాత ఏడుపు. ఏవో నాలుగు మాటలు. నేను చేలోంచి రావడం ఆలస్యమైనా చెప్పిన వేళకు నువ్వు బటను నొక్కేసెయ్ అని ఒస్తాప్ పొద్దున్నే ఆ పక్కింటి పిల్లకు చెప్పి పోయాడట. అది తర్వాత తెలిసింది. ఆ పిల్ల చెప్పిన పని చేసింది, అంతే.

ఇప్పుడు చేయాల్సింది తిమ్మయ్యకు తెలుసు. ఎవరో ఒకరు చెప్పాలి.

"సిస్టర్, అందురూ తలకు నీళ్ళు పోసుకోవాల. పొయ్యిలార్పాల. వాళ్ళకు చెప్పు. ఇంటిపేరోళ్ళు గదా."

హాన్నా చెప్పలేదు. కెనడావాడు ఏదో గొణిగి మాయమయ్యాడు. పిల్లల తల్లి కుక్కను ఎత్తుకుని గడి మూసింది. ఒకరి వెనక ఒకరు, సంతాపానికి వచ్చి చెప్పుల కోసం వెతుక్కునేవాళ్ళలా పోయారు. హాన్నాను అత్తా అని ఎవరూ పిలవలేదు. రుమాలు ముసలామె కొంతసేపు నుదుటి మీద వేళ్ళు ఆనించుకుంటూ ఉండి, ఆమె కూడా పోయింది. చివరికి కుర్చీ ఒకటే మిగిలింది. ఆ పిల్ల దాన్ని ఆపడం మరిచిపోయినట్టుంది. కంప్యూటరు నిండా అదే పరుచుకుంది.

"ఒక గంట ఆగలేకపోయావా?" అంది హాన్నా.

అప్పుడు తిమ్మయ్య చెప్పాడు. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పనిది నిలబడి చెప్పాడు. ఫోన్లు, తాళాలు, తిరుపతిలో పెళ్ళి, అంబులెన్సు డ్రైవరు. అరబ్బీ రాని చోట తెలుగులో చెప్పాడు. ఆమె కుర్చీ మీది నుంచి కళ్ళు తిప్పకుండా వింది. న్యాయమే చేశావు తిమ్మా అంటుందని అతను ఎదురుచూశాడు.

"ఆ పెళ్ళికూతురికి తెలుసా?" అంది.

"ఏంది?"

"నీ భార్య చనిపోయిందని. ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పారా?"

అతను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది పోలేరమ్మే. "నాకేం తెలుసు?" అన్నాడు.

"నాకు ఎవరైనా ఆ గంట ఇచ్చి ఉంటే తీసుకునేదాన్ని తిమ్మా. సిగ్గుపడకుండా తీసుకునేదాన్ని."

"అయితే నువ్వూ వాళ్ళ మనిసివే," అన్నాడు తెలుగులో. ఆమె అర్థం అడగలేదు. అతను ఫోను బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

కేకు వచ్చింది. పైకి తీసుకుపోలేదు. రాత్రికల్లా గేటు దగ్గర కరిగి పెట్టెకు అంటుకుపోయింది.

ఆ తర్వాత హాన్నా అతనితో మాట్లాడింది లేదు. ఎదురైతే తలూపేది. క్లినిక్కు వాళ్ళు ఇంక చాలన్నాక పోలండు పోయింది. అక్కడ ఆ పేరువాళ్ళ దగ్గరికి పోయిందో, ఒంటరిగానే ఉందో తెలియదు. ఆ పటంలో కువైట్ మీది చుక్క ఇప్పుడు ఉందో లేదో చూసేవాళ్ళు బిల్డింగులో లేరు. ఫ్లాటులో ఈజిప్టువాళ్ళు దిగారు.

తిమ్మయ్యకు ఆ ఫోను గొంతు మళ్ళీ వినిపించలేదు. దానికి అతను సంతోషపడాలి. కాని ట్యాంకు నిండేటప్పుడు ఇప్పుడు నీళ్ళ వెనక చాలామంది ఉన్నారు. ముసలివాళ్ళు, పిల్లలు, రకరకాల యాసలు. అందరూ ఎవరినో పిలుస్తుంటారు. ఏ పేరుతో పిలుస్తున్నారో వినిపించేలోపు అతను మోటారు కట్టేస్తాడు. మిద్దె మీద ట్యాంకు సగమే నిండుతోందని అద్దెకున్నవాళ్ళు తిడుతున్నారు.

ఒక శుక్రవారం ఖాజావలి టీ తెచ్చి ఇచ్చి, చాలాసేపు అటూఇటూ చూసి అడిగాడు.

"అనా, ఆ పొద్దు పైన ఏం జరిగింది? చెప్పి మంచి పని చేసినావా, చెడ్డ పని చేసినావా? ఆ ఓబులేసు ఎవురు?"

తిమ్మయ్య టీ గ్లాసు తాగకుండానే అతని చేతిలో తిరిగి పెట్టాడు.

"నువ్వు నాకు తమ్ముని మాదిరోడివి ఖాజా. అయినా ఇంగొగసారి ఆ మాట ఎత్తితే నీ బస్సు ఈ గేటు కాడ నిలబడదు. చెప్పాల్సిండేది ఒగసారి చెప్పినా, చెప్పకూడని మనిసికి చెప్పినా. ఇంగ మన్నులో పెట్టేదాకా ఆ సంగతి నా నోట రాదు."