ముప్పై ఒకటో నంబరు పెట్ట

ఏలియాకి తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగేళ్లుగా కిరందుల్ ఇనుప గనుల కొండ కింద ఈ రేకుల షెడ్డులో అరవై తెల్లకోళ్లను ముసలివి చేయడమే అతని ఉద్యోగం. ఆడవాళ్ల అండాశయానికి వచ్చే క్యాన్సరు ముసలి పెట్టలకు ఏ మందూ ఎక్కించకుండానే వస్తుంది. పొట్టలో నీరు చేరుతుంది. అలాంటివి దొరికితే, రోగాన్ని మొదట్లోనే పట్టే రక్తపరీక్ష కోసం వెతకొచ్చు. షెడ్డు పెట్టిన రెండో ఏడే అతని తల్లి దేవుడమ్మ, ఇక్కడే వాళ్లుండే రైల్వే క్వార్టర్లో, ఆ నీటిపొట్టతోనే పోయింది. కొడుకు చదివిన చదువంతా ఎందుకూ కొరగాలేదు.

ఇంత చేసినా ఒక్క పెట్టకూ జబ్బు రాలేదు. శుక్రవారంలోగా ఒక్కటైనా చూపకపోతే షెడ్డు మూసేస్తామని పైవాళ్లు ఉత్తరం రాశారు.

ఆ పొద్దున ముప్పై ఒకటో నంబరు పెట్టను ఎత్తి చూశాడు. నాలుగేళ్ల పెట్టకు కాళ్లు ఇంత నున్నగా ఉంటాయా! కాలికున్న నంబరు బిళ్ల మాత్రం పాతదే.

“హిడ్మక్కా, ఇది మన పెట్టేనా?”

షెడ్డు ఊడ్చి మేత పోసే హిడ్మేది చింతలనార్ ఊరు, ఇప్పుడు ఉండేది ఇక్కడి గని బస్తీలో. చేతిలో చేట కింద పెట్టింది.

“కాదు సారూ. సంతల కొన్న.”

“మరి మనది?”

“పొట్ట ఉబ్బింది. ఉబ్బినవి తీసేసి వేరేవి పెడుతున్న. ఇప్పటికి తొమ్మిది.”

“ఓరి దేవుడో! వాటి కోసమే కదక్కా నేను కళ్లలో వత్తులేసుకుని చూస్తన్నాను!”

“ఏంది సారూ, నాకు చెప్పినవా? మంచిగ చూస్కోమన్నవ్, గంతే. మీ అమ్మ పొట్ట గట్లనే ఉబ్బితే నేనే కద ఒళ్లు కడిగిన. మల్ల నీ కండ్ల ముందల గదే ఎందుకని తీసేసిన.”

చెప్పలేదు, నిజమే. రిజిస్టర్ల నిండా రాశాడు గానీ, రోజూ కోళ్లను తాకే మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. ఏలియా మేత బస్తా మీద కూలబడ్డాడు.

“అన్నీ పాతిపెట్టేశావా?”

“ఎనిమిది. ముప్పై ఒకటి సావలే. ఇంట్ల ఉన్నది. నూకలు నానబెట్టి పెడుతున్న, నయమైతదేమోనని.”

“తీసుకురా అక్కా. కోసి చూడాలి.”

హిడ్మే చేట గోడకు ఆనించి బయల్దేరింది. మధ్యాహ్నం గని సైరన్ మోగేవేళకు గంపలో పెట్టి తెచ్చింది.

“దీన్ని కోస్తే ఇంకొకల్ల అమ్మ బతుకుతదా?”

“తెలీదక్కా. షెడ్డు మాత్రం ఉంటది.”

పెట్టను అందుకున్నాడు. పొట్ట వేడిగా, బరువుగా వేలాడుతోంది. తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. కత్తి తీయడానికి అతనికి సాయంత్రమైంది. అంతసేపూ హిడ్మే దాన్ని ఒళ్లో పెట్టుకుని నూకలు తినిపిస్తూనే ఉంది.