నాకు చెవుడొచ్చిన ఇరవై రోజులు

నాకు చెవుడొచ్చిందని మొదట కనిపెట్టింది మా అత్తమ్మ. ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు హాల్లో మంచం మీద కూర్చుని మంచినీళ్లు కావాలని మూడుసార్లు పిలిచిందట. నీళ్ల బిందె ఆమె మంచానికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. నేను పక్క గదిలో కంప్యూటర్ ముందు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అమెరికాలో ఎవరో ముసలాయన మోకాలి ఆపరేషన్ గురించి అతని డాక్టర్ చెబుతున్నది టైపు చేస్తున్నాను. ఆ డాక్టరుకు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో ఒకటి నమిలే అలవాటు. ఆ నములుడు మధ్యలోంచి మాట జారిపోకుండా పట్టుకోవడమే నా పని. మూడో పిలుపుకూ నేను పలకకపోయేసరికి, అత్తమ్మ లేచి తానే నీళ్లు ముంచుకు తాగి, గోడ అవతల బట్టలు కుట్టుకునే సుల్తానాబీతో చెప్పేసింది: "మా వసంతకు చెవులు పొయినయ్. గా వైర్లు పెట్టుకొని పెట్టుకొని."

సాయంత్రానికి ఆ కబురు మా వీధి దాటింది. రాత్రికి వనపర్తి కూడా చేరింది. మా ఆడబిడ్డ జములమ్మ ఫోన్ చేసి, జబ్బు నాదే అయినా, పరామర్శ మాత్రం మా ఆయనకు చెప్పింది. పాపం, నీకెంత కష్టమొచ్చె తమ్ముడా అని.

నేను పుట్టింది అమరచింతలో, మగ్గం గుంత పక్కన. మా నాన్న గుంతలో కూర్చుని కాళ్లతో చెక్కలు తొక్కుతూ నేసేవాడు. పక్క గదిలో అమ్మ మగ్గం ఆడుతుంటే, తన చేయి ఆపకుండానే, "పోగు తెగినట్టుంది, జూస్కో" అనేవాడు. ఆ చప్పుడులో తేడా నాకూ తెలిసేది. హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకునేటప్పుడు, నలభై మందిలో నా చెవి గట్టిదని అన్నారు కానీ, అది మా నాన్న ఇచ్చిన చెవి అని వాళ్లకు తెలియదు. మూడేళ్లు అక్కడే కంపెనీలో పని చేశాను. నాగర్‌కర్నూల్ మార్కెట్ ఆఫీసులో గుమాస్తా అయిన కురుమూర్తితో పెళ్లైంది. మా పాప అమూల్య కడుపున పడ్డాక, ఉద్యోగం సంగతి పిల్ల జర పెద్దగైనంక జూద్దాం తియ్యి అన్నాడు. పిల్ల పెద్దదవుతూనే ఉంది, ఆయన చూడడమే లేదు. ఆరేళ్లుగా ఈ ఇంట్లో నా పేరు బడిగంటలా వాడుకున్నారు. తువ్వాల కావాలంటే వసంతా, టీ కావాలంటే వసంతా, టీవీ రిమోట్ చేతికింద ఉన్నా వసంతా. ఏ ఒక్క పిలుపూ పెద్ద కష్టం కాదు. అన్నీ కలిపితే ఒక మనిషి బతుకు.

మా ఊరికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన ఏడాది, నా పాత టీమ్ లీడర్ హీనా ఫోన్ చేసింది. అనుభవం ఉన్నవాళ్లకు ఇంటి నుంచే పని ఇస్తున్నారని, నలభై రోజులు చూస్తారని, వందకు తొంభై ఎనిమిదిన్నర తప్పుల్లేకుండా వస్తే ఉంచుకుంటారని, లేకపోతే లేదని చెప్పింది. మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. కాదనకపోవడానికి కారణం ఒక్కటే, ఆ మాట అత్తమ్మా, మా ఆయనా, ఫోన్‌లో జములమ్మా మూడు రకాలుగా అన్నారు: ఎట్లనన్న ఇంట్లనే ఉంటది గద. కంప్యూటర్ పాతది కొన్నాం. కాలితో తొక్కితే మాట నడిచి, కాలు తీస్తే ఆగిపోయే పెడల్ ఒకటి హైదరాబాదు నుంచి బస్సులో పార్శిల్ వచ్చింది. అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, దీని కుట్టుమిషన్ ఏదని అడిగింది. నేను మాత్రం దాని మీద కాలు పెట్టగానే నాన్న గుంతలోకి దిగినట్టే అనుకున్నాను. ఎంత సంతోషమైందంటే, ఆ రోజు ఫైళ్లేమీ రాకపోయినా పది నిమిషాలు ఊరికే తొక్కాను.

పొద్దున ఎనిమిది నుంచి పది దాకా కరెంటు కోత. పదింటికి కరెంటు రాగానే కూర్చుంటే మూడింటిలోగా ఫైళ్లు పంపేయాలి. వంట, అంట్లు, అమూల్య బడి అన్నీ ఆలోపే ముగించేదాన్ని. కానీ పదింటికి నేను కూర్చోగానే ఇంట్లోవాళ్లకు నాతో అవసరాలు మొలకెత్తేవి. ఉప్పు ఏ డబ్బాలో ఉందో మా అత్తమ్మకు, చెప్పులు ఏ మూల ఉన్నాయో మా ఆయనకు సరిగ్గా అప్పుడే తెలియకుండా పోయేది. ప్రతి పిలుపుకూ హెడ్‌ఫోన్లు తీసి, లేచి, చెప్పి, తిరిగి వచ్చేసరికి చెవిలో ఉన్న మాట చెదిరిపోయేది. పదో రోజు హీనా ఫోన్ చేసి, నా లెక్క తొంభై ఆరు దగ్గర ఉందని, పాత వసంత ఏమైందని అడిగింది. ఇట్లనే నడిస్తే పైవాళ్లకు తను సర్దిచెప్పలేనంది. ఈ పని పోతే ఇంకొకటి రాదని నాకు తెలుసు. ఈ ఊళ్లో ఈ చెవులతో చేసే పని వేరే ఏముంది?

ఆ మర్నాడే అత్తమ్మ నీళ్లడిగిన రోజు. ఇప్పుడు దాపరికం ఎందుకు? మొదటి రెండు పిలుపులూ నాకు నిజంగానే వినబడలేదు. మూడోది వినబడింది.

మా పనిలో ఒక నియమం ఉంది. మాట వినబడని చోట ఖాళీ వదిలేయాలి, తోచింది రాసి నింపకూడదు. మా ఇంట్లోవాళ్లకు ఆ నియమం తెలియదు కదా, నేను పలకని చోట వాళ్లకు తోచింది నింపుకున్నారు. పని చేసుకుంటున్నదేమో అని ఒక్కరికీ తోచలేదు, చెవుడు మాత్రం అందరికీ చప్పున తోచింది. చెవుడొచ్చినది ఆ వైర్లలో ఏం వింటుందని కూడా ఎవరూ అడగలేదు. సరే, అట్లనే కానీయండి అనుకున్నాను. చెవుడొచ్చిన నాలుగో రోజుకు నీళ్లబిందె దూరం అత్తమ్మకు తెలిసింది. ఆరేళ్లుగా దండెం మీద ఒకే చోట ఆరే తువ్వాల మా ఆయన కంటికి ఆనింది. ఉప్పు డబ్బా కూడా దొరికింది. నా లెక్క తొంభై ఎనిమిదీ, ఆ తర్వాత తొంభై తొమ్మిదీ దాటింది. అమూల్య ఒక్కతే మోసపోలేదు. దూరం నుంచి పిలవడం మానేసి, దగ్గరికొచ్చి నా భుజం మీద చేయి వేసి, నా కాలు పెడల్ మీంచి లేచేదాకా నిలబడేది. పిలిచే పద్ధతి ఆ ఇంట్లో ఐదేళ్ల పిల్లకే తెలుసు. ఇక సుల్తానాబీ ఒకరోజు గోడ మీంచి నా మొహం చూసి, "గా బీమారీ జర మాకు గూడ నేర్పు బిడ్డా" అని చిన్నగా నవ్వి దారం కొరుక్కుంది.

చెవిటిదాని ముందు జనం దాచుకోరు. ఒకరోజు అత్తమ్మ నా గది గుమ్మంలోనే కూర్చుని బియ్యంలో రాళ్లేరుతూ సుల్తానాబీతో చెప్పింది. "ఒకందుకు చెవుడే సుఖం. మా అత్త పిలుపుకు నేను ముప్పై ఏండ్లు పల్కిన. ఒక్కనాడన్న అన్నం సల్లారకముందు తిన్ననా?" నేను పెడల్ మీంచి కాలు తీసేసి విన్నాను. పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఆమె నన్ను పిలవడమే విన్నాను కానీ, ఆమెను పిలిచినవాళ్లు కూడా ఉంటారని ఎన్నడూ అనుకోలేదు. నాకు సిగ్గేసింది. లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుని నేనూ రాళ్లేరుదామనుకున్నాను. ఫైలు మిగిలి ఉంది, వెళ్లలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇరవయ్యో రోజు మా ఆయన వంతు వచ్చింది. సెలవురోజు, ఇంట్లోనే ఉన్నాడు. నా వెనకాలే కుర్చీలో కూర్చుని జములమ్మతో ఫోన్ మాట్లాడుతున్నాడు. చెల్లెలి లాంటి మరదలికి ఇట్లా అయిందని ఆమె బాధపడుతున్నట్టుంది. ఈయన ఓదారుస్తున్నాడు.

"పోతె పోయినయ్ తియ్యక్కా. చేతులు మంచిగనే ఉన్నయ్ గద. ఇంట్ల పనికి చెవులెందుకు?"

అని నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. తర్వాత, ఈ వైర్ల పనితోనే ఇదంతా వచ్చిందని, కంప్యూటర్‌ను ఆఫీసులో జంగయ్య అడుగుతున్నాడని, సోమవారం టెలిఫోన్ ఆఫీసుకు పోయి కనెక్షన్ బంద్ చేయమని రాసిస్తానని చెప్పాడు. నలభై రోజుల్లో ఇంకా పది మిగిలి ఉన్నాయి. నా ఒళ్లు మండిపోయింది. చెవుడు నాకు నిలబెట్టిన పనిని చెవుడే తీసుకుపోయేట్టుంది. చెవిటిదానిగా ఉంటే కంప్యూటర్ పోతుంది, వినబడుతుందంటే మళ్లీ బడిగంట. రెండూ నాకొద్దు. ఆ ఫైలు పూర్తి చేసి, పంపి, హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పెట్టి, ఆయనా అత్తమ్మా కూర్చున్న హాల్లోకి వచ్చాను.

"ముందుగల నా చెవులు చూపియ్యి. పొయినయని డాక్టర్ చెప్తె కంప్యూటర్ నేనే మూటగట్టి ఇస్త."

ఈ మాట అత్తమ్మ ముందర అన్నాను కాబట్టి ఆయన కాదనలేకపోయాడు, చెవిటిదానికి కంప్యూటర్ సంగతి ఎట్లా తెలిసిందని కూడా ఆయనకు తోచలేదు. మర్నాడు శనివారం అమూల్యను సుల్తానాబీ దగ్గర ఉంచి, అత్తమ్మతో కలిసి ముగ్గురం మహబూబ్‌నగర్ బస్సెక్కాం. పోయేముందు టెలిఫోన్ ఆఫీసు దగ్గర ఒక్క నిమిషం ఆగమని చెప్పి, లోపలికి పోయి ఒక దరఖాస్తు కాగితం తెచ్చుకున్నాను. చెవిటిదానితో అరిచి మాట్లాడడం బజార్లో నామోషీ అనుకున్నాడేమో, అదెందుకని ఆయన అడగలేదు.

దవాఖానలో నన్నొక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు ఎంత సన్నగా వినబడినా బటన్ నొక్కమంది అక్కడి అమ్మాయి. తలుపు మూశాక బయటి లోకం ఆగిపోయింది. ఆరేళ్లలో నన్నెవరూ పిలవలేని చోటు అదొక్కటే. ఒక్కో చప్పుడూ పోగులా సాగి, సన్నబడి, ఇక లేదనుకున్న చోట ఇంకా ఉండేది. నొక్కుతూనే ఉన్నాను. అద్దంలోంచి ఆ అమ్మాయి నా వైపు చూసి, మళ్లీ మిషన్ వైపు చూసింది.

డాక్టర్ కాగితం మా ఆయన ముందు పెట్టాడు. చెవులు నావైనా కాగితం ఆయనకే. "ఈమె చెవులకేమీ కాలేదు. మీకంటే నాకంటే బాగా వినబడుతుంది" అన్నాడు.

"మరి పిలిస్తె పల్కదేంది సార్?" అన్నాడు మా ఆయన.

డాక్టర్ ఆయనకు జవాబు చెప్పకుండా నా వైపు చూశాడు. అత్తమ్మా చూసింది. నా సంగతి నన్ను అడిగేవాళ్లు ఇంతకాలానికి దొరికారు.

"వినబడ్తది సార్. పనిల ఉంటె పల్కను."

తిరుగు బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన, మధ్యలో నేను, ఈ చివర ఆయన. బస్సు ఊరు దాటాక ఆయన, అయితే ఇన్ని రోజులూ నాటకమాడినావా అని అడిగాడు. మొదటి రోజు మూడో పిలుపు నుంచి అని చెప్పాను. ఆయన మొహంలో లెక్క మొదలైంది, ఈ ఇరవై రోజుల్లో ఏమేం అన్నానా అని.

"అన్నీ ఇన్నవా?"

"అన్నీ ఇన్న."

మా పనిలో మొదటి పాఠం, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, సొంతమాట కలపకూడదు. అందుకని ఏమీ కలపకుండా చెప్పాను. "పోతె పోయినయ్ తియ్యక్కా. చేతులు మంచిగనే ఉన్నయ్ గద. ఇంట్ల పనికి చెవులెందుకు?" ఆయన ఎక్కడ నవ్వాడో అక్కడ ఆగాను. ఎక్కడ దగ్గాడో అదీ చెప్పాను. మా ఆయన తల వంచుకున్నాడు. అత్తమ్మ కిటికీలోంచి తల తిప్పి కొడుకు వైపు చూసింది. ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి. మళ్లీ బయటికి చూస్తూ కూర్చుంది. నేను బ్యాగులోంచి దరఖాస్తు తీశాను. బస్సు కోసం నిలబడ్డప్పుడే నా పేరూ ఇంటి నంబరూ రాసి పెట్టుకున్నాను.

"కనెక్షన్ నీ పేరు మీదుంది. బంద్ చేస్తె చెయ్యి. నా పేరు మీద నేను పెట్టిచ్చుకుంట."

బిజినేపల్లి దాటేదాకా ఆయన ఆ కాగితం చదువుతూనే ఉన్నాడు. అందులో చదవడానికి నాలుగు వరుసలే ఉన్నాయి.

తొమ్మిది రోజుల తర్వాత హీనా ఫోన్ చేసి, ఇక నువ్వు మాతోనే అని చెప్పింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు ఏడ్చాను కూడా. కానీ నా లెక్కలో నాకు ఉద్యోగం వచ్చింది ఆ శనివారం తర్వాతి సోమవారమే. పొద్దున పదింటికి కరెంటు వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆ నమిలే డాక్టరే, ఈసారి ఎవరిదో భుజం. ఆయన గొంతు ఎత్తుకోకముందే స్నానాల గది నుంచి మా ఆయన పిలిచాడు. "వసంతా, తువ్వాల ఏడ?"

అలవాటు కొద్దీ నా నడుము సగం లేచింది. కూర్చోబెట్టుకున్నాను. ఆయన మళ్లీ పిలిచాడు. హాల్లో మంచం కిర్రుమంది. ఇక అత్తమ్మ కూడా పిలుస్తుందనుకున్నాను.

"గామెకు ఇనబడ్తదిరా" అంది అత్తమ్మ కొడుకుతో. "పనిల ఉన్నది. నువ్వే తీస్కో."

అదీ విన్నాను. పెడల్ తొక్కాను.